కేబుల్‌పై బాణం గుర్తు: సొమ్ము వాపసు కోరవచ్చా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో రూ. 38,000 పెట్టి స్పీకర్ కేబుళ్లు కొన్నాను. బాణం గుర్తు స్పీకర్ వైపు ఉంటే ధ్వని మెరుగవుతుందని, తిప్పి కలిపితే పాడవుతుందని ప్రకటనలో ఉంది. రెండు విధాలా విన్నా తేడా తెలియలేదు. విక్రేత సొమ్ము వాపసు ఇవ్వనంటున్నాడు. కేసు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: వేయవచ్చు. అయితే, తేడా వినిపించలేదన్న ఒక్క వాదన మీదే ఫిర్యాదును నిలబెట్టకండి. వినికిడి మనిషికీ మనిషికీ మారుతుందని అవతలి న్యాయవాది దాన్ని సులువుగా తోసిపుచ్చుతారు. మీరు పట్టుకోవలసింది ప్రకటనలోని మాటలను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) ప్రకారం, తగిన పరీక్ష జరపకుండా వస్తువు పనితీరుపై ప్రజలకు హామీ ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి. పరీక్ష జరిపామని విక్రేత చెప్పుకుంటే, దాన్ని రుజువు చేసే భారాన్ని కూడా చట్టం అతనిపైనే పెట్టింది. ‘వింటే మైమరచిపోతారు’ అన్న వర్ణనను హామీగా నిరూపించడం కష్టం కానీ, ‘తిప్పి కలిపితే ధ్వని పాడవుతుంది’ అన్నది పరీక్షకు నిలబడవలసిన మాట.

శాస్త్రం కూడా మీ పక్షానే ఉంది. స్పీకర్ తీగలో సాగేది దిశ మార్చుకునే విద్యుత్తు; 1,000 హెర్ట్జ్ స్వరం మోగుతున్నంతసేపూ అది సెకనుకు వెయ్యిసార్లు ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటుంది కనుక, రాగి తీగకు ఒక దిశ మేలనడం నిలవదు. ఒక మినహాయింపును మాత్రం దాచకండి. ప్లేయర్‌కూ యాంప్లిఫయర్‌కూ మధ్య వాడే కొన్ని కేబుళ్లలో షీల్డ్‌ను (బయటి విద్యుత్ జోక్యాన్ని అడ్డుకునే లోహపు తొడుగును) ఒక కొసనే కలుపుతారు. హమ్ (గుయ్‌మనే రొద) రాకుండా ఏ కొస ఎటు ఉండాలో అక్కడ బాణం చెబుతుంది. మీ కేబుల్‌కు అలాంటి షీల్డ్ లేదని విక్రేత ఇచ్చిన సాంకేతిక వివరాలతోనే ఫిర్యాదులో చూపండి.

ప్రకటన స్క్రీన్‌షాట్లను వెంటనే భద్రపరచండి. పేజీని రేపే మార్చేయవచ్చు. వాటికి భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. కేబుల్‌ను కోయకండి, ఎందుకంటే వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషన్ దాన్ని ప్రయోగశాలకు పంపవచ్చు. ఆ ఖర్చును ముందుగా మీరే జమచేయాల్సి ఉంటుంది.

విక్రేత ఎక్కడివాడైనా, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర రూ. 5 లక్షల లోపే కనుక రుసుము లేదు. చట్టం తప్పనిసరి చేయకపోయినా ముందుగా ఒక నోటీసు పంపండి, కానీ ఫిర్యాదుకు గడువు వివాద కారణం తలెత్తిన నాటి నుంచి 2 సంవత్సరాలేనని గుర్తుంచుకుని జవాబు కోసం ఎక్కువ కాలం ఎదురుచూడకండి.