లినక్స్‌లో హెచ్చరిక మోతలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో లినక్స్ శబ్దాల గురించి అడిగినవే ఎక్కువ. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వాటికే. ఫోల్డర్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, ఖాళీ లేకుండా, అడ్డగీత ఉన్నచోట అడ్డగీతతో కొట్టండి.

ప్రశ్న: మాకు రొయ్యల చెరువులున్నాయి. గట్టు మీద షెడ్డులో ఉబుంటు (ఒక రకం లినక్స్) కంప్యూటర్ పెట్టాం. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే మీటరు నుంచి టెలిగ్రామ్ గ్రూపులోకి మెసేజ్ వస్తుంది. సెట్టింగ్స్‌లో అలర్ట్ సౌండ్ మార్చినా టెలిగ్రామ్ పాత మోతే మోగుతోంది. అది కూడా జనరేటర్ చప్పుడులో వినపడడం లేదు. ఏం చేయమంటారు? (భీమవరం దగ్గర నుంచి ఒక రైతు)

జవాబు: మీరు మార్చిన శబ్దం వేరు, మోగుతున్నది వేరు. ఉబుంటు సెట్టింగ్స్‌లోని అలర్ట్ సౌండ్ కేవలం గంట మోత. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) చెరపడానికి అక్షరం లేకపోయినా బ్యాక్‌స్పేస్ నొక్కితే వినిపించేది అదే. మెసేజ్ వచ్చినప్పుడు టెలిగ్రామ్ తన మోత తానే వాయించుకుంటుంది, సిస్టమ్‌ను అడగదు. ఏ మోత మార్చాలన్నా ముందు దాన్ని వాయిస్తున్నది ఎవరో తేల్చుకోండి. పల్స్‌ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకుని ప్లేబ్యాక్ పేజీ తెరిచి ఉంచండి. మోత వచ్చిన క్షణంలో ఏ పేరు పక్కన గీత కదిలితే వాయించింది ఆ ప్రోగ్రామే.

టెలిగ్రామ్‌లో కొత్త మోత పెట్టాలంటే ఎంపీ3 ఫైలు 5 సెకన్లు, 300 కేబీ దాటకూడదు. దాన్ని సేవ్డ్ మెసేజెస్‌లోకి పంపుకుని, దాని మీద కుడి క్లిక్ చేసి నోటిఫికేషన్ శబ్దాల్లో దాచుకోండి. తర్వాత ఆ మీటరు గ్రూపు నోటిఫికేషన్ సెట్టింగ్స్‌కి వెళ్లి టోన్‌గా ఎంచుకోండి. ఆ ఒక్క గ్రూపుకే పెట్టండి. బంధువుల గుడ్‌మార్నింగ్ మెసేజ్‌లకూ అదే మోగితే నాలుగు రోజుల్లో చెవి అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తారు.

ఇక వినపడడం సంగతి. జనరేటర్ది ఎక్కువగా బొంగురు చప్పుడు. దాని మీద ఇంకో బొంగురు మోత పెడితే అందులోనే కలిసిపోతుంది. పైగా చిన్న స్పీకర్లలో లోతైన శబ్దం సరిగా రానే రాదు. మన చెవి బాగా పట్టేది 2000 నుంచి 4000 హెర్ట్జ్ దాకా ఉండే శబ్దాలను. కాబట్టి ఈల లాంటి సన్నని మోతను, ఆగి ఆగి మూడుసార్లు మోగేలా తయారు చేసుకోండి. ఒకేలా సాగే మోత కన్నా తెగి తెగి వచ్చేది త్వరగా లేపుతుంది.

రెండు జాగ్రత్తలు. ఉబుంటులో పవర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటోమేటిక్ సస్పెండ్ ఆపేయండి. కంప్యూటర్ నిద్రపోతే ఏ మోతా రాదు. రెండోది ఇంకా ముఖ్యం. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున, మనిషికి గాఢనిద్ర పట్టే వేళ. నెట్ పోతే టెలిగ్రామ్ మెసేజ్ రాదు కదా! మీటరుకు రిలే అవుట్‌పుట్ (హద్దు దాటగానే దానంతటదే పడే స్విచ్) ఉంటే దానికి నేరుగా ఒక హూటర్ కట్టించండి. కంప్యూటర్ మోత దానికి తోడుగా ఉండాలి గానీ దాని బదులుగా కాదు.

ప్రశ్న: మా డీటీపీ షాపులో లినక్స్ మింట్ (ఇంకో రకం లినక్స్), దాని మీద సినమన్ డెస్క్‌టాప్ వాడుతున్నాం. పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు ఒక మోత, తీసినప్పుడు ఒక మోత రావాలి. (పాలకొల్లు)

జవాబు: మీకు పని తేలిక. సిస్టమ్ సెట్టింగ్స్‌లో సౌండ్ తెరిచి, సౌండ్స్ అనే పేజీకి వెళ్లండి. పరికరం పెట్టడం, తీయడం, కిటికీ తెరవడం, నోటిఫికేషన్ రావడం, ఇలా ఒక్కోదానికి విడిగా మీట, ఫైలు ఎంచుకునే చోటు ఉంటాయి. కిటికీల మోతలన్నీ ఆపేసి ఈ రెండూ మాత్రమే ఉంచుకోండి. షాపులో రోజంతా వినాల్సింది మీరే. ఎంచుకున్న ఫైలును పెన్‌డ్రైవ్‌లో కాక హోమ్ ఫోల్డర్‌లో ఉంచండి.

ప్రశ్న: మా ఊరి గుడి గంటను ఫోన్‌లో రికార్డు చేశాను. ఉబుంటులో అలర్ట్‌గా పెట్టాలని ఉంది. కానీ జాబితాలో వాళ్లిచ్చినవే తప్ప మన ఫైలు చేర్చే దారి లేదు. (అమలాపురం)

జవాబు: దారి ఉంది, కాకపోతే సెట్టింగ్స్ లోపల కాదు. సొంత సౌండ్ థీమ్, అంటే ఏ సందర్భానికి ఏ శబ్దమో పేర్లతో పెట్టుకున్న ఫోల్డర్, కట్టుకోవాలి. పది నిమిషాల పని.

ముందు శబ్దాన్ని ఆడాసిటీ అనే శబ్దాలు దిద్దే ప్రోగ్రామ్‌లో తెరవండి. గంట మీద దెబ్బ పడిన చోటు నుంచి ఒక సెకను ఉంచి మిగతాది కోసేయండి. చివర కొంచెం భాగానికి ఫేడ్ అవుట్ ఇవ్వండి, లేకపోతే టక్కున తెగినట్టుంటుంది. నార్మలైజ్‌లో మైనస్ 3 డెసిబెల్ పెట్టి, ఓగ్ వోర్బిస్‌గా ఎగుమతి చేయండి. ఎంపీ3 ఇక్కడ పనికిరాదు. థీమ్‌లో వెతికే ఎక్స్‌టెన్షన్లు (ఫైలు పేరులో చివరి చుక్క తర్వాతి అక్షరాలు) ఓజీఏ, ఓజీజీ, డబ్ల్యూఏవీ మాత్రమే. పెద్ద గంట ఓంకారంలా సాగే భాగం ల్యాప్‌టాప్ స్పీకర్‌లో సగం మాయమవుతుంది. హారతి గంటయితే స్పష్టంగా పలుకుతుంది. రెండూ రికార్డు చేసి విని చూడండి.

ఇప్పుడు హోమ్ ఫోల్డర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కండి, దాగిన ఫోల్డర్లు కనిపిస్తాయి. చుక్కతో మొదలయ్యే 'లోకల్'లోకి, అందులో 'షేర్'లోకి వెళ్లి 'సౌండ్స్' అనే ఫోల్డర్ లేకపోతే చేయండి. దానిలో 'కోనసీమ' అని ఒక ఫోల్డర్, దానిలో 'స్టీరియో' అని ఇంకొకటి. సిస్టమ్‌లో యూఎస్ఆర్, షేర్, సౌండ్స్, ఫ్రీడెస్క్‌టాప్ వరుసగా తెరిస్తే 'ఇండెక్స్ చుక్క థీమ్' అనే ఫైలు ఉంటుంది. దాన్ని తెచ్చి కోనసీమ ఫోల్డర్‌లో పెట్టి, లోపల 'నేమ్' అన్న వరుసలో పేరు మాత్రం మార్చండి. మిగతా వరుసల జోలికి పోవద్దు.

గంట ఫైలును స్టీరియోలో రెండు కాపీలు పెట్టండి. ఒకదాని పేరు బెల్-విండో-సిస్టమ్, రెండోదాని పేరు బెల్-టెర్మినల్. మీరు పెట్టని శబ్దాలన్నీ ఫ్రీడెస్క్‌టాప్ థీమ్ నుంచి వాటంతటవే వస్తాయి, కాబట్టి అన్నీ నింపాల్సిన పని లేదు. ఏదైనా శబ్దాన్ని పూర్తిగా నోరు మూయించాలంటే ఆ పేరుతోనే ఖాళీ ఫైలు పెట్టి ఎక్స్‌టెన్షన్‌గా 'డిసేబుల్డ్' అని రాయండి.

చివరిగా డీకాన్ఫ్ ఎడిటర్ అనే, లోపలి అమరికలు మార్చే ప్రోగ్రామ్‌లో ఆర్గ్, గ్నోమ్, డెస్క్‌టాప్, సౌండ్ దాకా వెళ్లి 'థీమ్-నేమ్' దగ్గర కోనసీమ ఫోల్డర్ పేరు రాయండి. అక్కడే 'ఈవెంట్-సౌండ్స్' ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. లాగ్ అవుట్ అయి మళ్లీ వచ్చి, ఖాళీ టెర్మినల్‌లో బ్యాక్‌స్పేస్ కొట్టి వినండి.

పాత మోతే వస్తే కారణం సాధారణంగా జ్ఞాపకం పెట్టుకున్న జాబితా. హోమ్‌లో చుక్కతో మొదలయ్యే 'కాష్' ఫోల్డర్ తెరిచి, 'ఈవెంట్-సౌండ్-కాష్' అని మొదలయ్యే ఫైలు ఉంటే తీసేయండి. నష్టం లేదు, మళ్లీ అదే తయారవుతుంది. అసలు మోతే రాకపోతే సౌండ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ సౌండ్స్ అనే విడి వాల్యూమ్ సున్నాలో ఉందేమో చూడండి. ఇంకో మాట: ఇదంతా అయ్యాక సరదాకైనా సెట్టింగ్స్‌లోని అలర్ట్ జాబితాను ముట్టుకోకండి. అక్కడ ఒక్క క్లిక్కుతో థీమ్-నేమ్ మారిపోయి మీ గంట పోతుంది.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపాను. పాటలు బాగానే వస్తాయి. నోటిఫికేషన్ మోత మాత్రం ఒక్కోసారి సగమే వినిపిస్తుంది, ఒక్కోసారి అసలు వినపడదు. (రాజమహేంద్రవరం)

జవాబు: ఏ శబ్దమూ లేకుండా 5 సెకన్లు గడిస్తే లినక్స్ ఆడియో దారిని నిద్రపుచ్చుతుంది. కొత్త మోత వచ్చినప్పుడు టీవీ మేలుకుని శబ్దం అందుకోవడానికి కొంత సమయం పడుతుంది. అర సెకను మోత ఆ లోపలే అయిపోతుంది. చిన్నగా ఒక పాట పెట్టి, అది నడుస్తుండగా నోటిఫికేషన్ తెప్పించి చూడండి. అప్పుడు మోత నిండుగా వస్తే కారణం ఇదే.

తేలికైన మందు, ఆడాసిటీలో ఆ శబ్దం ముందు ఒక సెకను నిశ్శబ్దం చేర్చడం. దీనికి సిస్టమ్‌ను కదిలించక్కర్లేదు, అందుకే ముందు ఇదే చేయమంటాం. చాలకపోతే వైర్‌ప్లంబర్ (లినక్స్‌లో శబ్దం దారులు చూసుకునే ప్రోగ్రామ్) అమరికల్లో 'సెషన్ చుక్క సస్పెండ్-టైమౌట్-సెకండ్స్' విలువను ఆ టీవీ అవుట్‌పుట్‌కు 0 చేయండి. దారి ఇక నిద్రపోదు. బ్యాటరీ మీద మాత్రం కాస్త భారం పడుతుంది.

ప్రశ్న: కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు మారినప్పుడు ల్యాప్‌టాప్ గట్టిగా మోగాలి. కేడీఈ ప్లాస్మా (లినక్స్‌లో ఇంకో రకం డెస్క్‌టాప్) వాడుతున్నాను. ఏసీ అడాప్టర్ అన్‌ప్లగ్డ్ అన్న చోట మోత పెట్టినా మోగలేదు. (రాజోలు)

జవాబు: అమరిక సరైనదే. నోటిఫికేషన్స్‌లో పవర్ మేనేజ్‌మెంట్ కింద ఉండే ఆ ఘటనకే మోత పెట్టాలి. లోపం ప్లగ్గులో ఉంది. మీ ఛార్జర్ ఇన్వర్టర్ లైన్‌లో ఉంటే కరెంటు పోయినా దానికి సరఫరా ఆగదు. ల్యాప్‌టాప్‌కు కరెంటు పోయిన సంగతే తెలియదు. ఛార్జర్‌ను ఇన్వర్టర్‌కు కలపని సాకెట్‌కు మార్చండి. కరెంటు పోగానే మోగుతుంది. బ్యాటరీ అయిపోవచ్చే సరికి మళ్లీ ఇన్వర్టర్ సాకెట్‌కు మార్చుకోవచ్చు.

డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉన్నవారు యూపీఎస్ వెనక యూఎస్‌బీ పోర్టు ఉందో లేదో చూసి, ఉంటే కేబుల్‌తో కంప్యూటర్‌కు కలపండి. లినక్స్ దాన్ని గుర్తిస్తే బ్యాటరీలా చూపిస్తుంది. మామూలు ఇంటి ఇన్వర్టర్ కంప్యూటర్‌కు ఏ సమాచారమూ పంపదు. మోటార్లున్నవారు ఈ మోతను నమ్ముకోకండి. త్రీఫేజ్‌లో ఒక ఫేజు పోయినా, ల్యాప్‌టాప్ ఉన్న ఫేజు బాగుంటే అది మోగదు, ఈలోగా మోటారు కాలిపోతుంది. దానికి స్టార్టర్ దగ్గర, ఒక ఫేజు పోగానే మోటారును ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉండాల్సిందే.