రీఫ్ ట్యాంకులో నాచు: మేనకోడలికి మావయ్య ఉత్తరం

బరంపురం

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నీ రీఫ్ ట్యాంకు, అదే పగడాలు పెంచే ఉప్పునీళ్ళ అక్వేరియం, ఫోటోలు నువ్వు పంపినవి చూశాను. రాళ్ళ మీద వేలెడు పొడుగున పచ్చ నాచు, ఇసుక మీద ఎర్రటి పొర. అంతా ఖాళీ చేసేసి మళ్ళీ మొదలుపెడతానంటున్నావు. ఆ పని మాత్రం చెయ్యకు. ఇన్నాళ్ళూ రాళ్ళలో కుదురుకుని అమోనియా విషాన్ని విరిచే బ్యాక్టీరియా కాస్తా పోతుంది, అమోనియా గొడవ మళ్ళీ మొదటికొస్తుంది. నాచుకి మేత అందే దారి అలాగే ఉంటే కొన్నాళ్ళకి అదే రాయి మీద అదే నాచు మొలుస్తుంది. ముందు ఆ దారి ఎక్కడుందో చూద్దాం.

నాకు మొదటి అనుమానం నీళ్ళ మీదే. పర్లాకిమిడిలో మీ బోరు నీళ్ళు వంటింటి ఆర్వోలో పట్టి పోస్తున్నానని రాశావు. ఆ మిషన్లు తాగే నీళ్ళ కోసం చేసినవి. చాలావాటిలో రుచి కోసమని టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ పెట్టి కాసిని మామూలు నీళ్ళు మళ్ళీ కలుపుతారు. మనకి మంచిదే, ట్యాంకుకి కాదు. ఎండాకాలం మన వైపు ట్యాంకులో నీళ్ళు ఎంత తొందరగా దిగిపోతాయో చూస్తూనే ఉన్నావు కదా. ఆవిరయ్యేది ఉత్త నీరే. దాంతో వచ్చిన నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు ట్యాంకులోనే ఉండిపోతాయి. నాచుకి ఎరువులు అవే. తగ్గినప్పుడల్లా చెంబుడు పోస్తున్నావంటే ఆ చెంబులో ఉన్న ఎరువంతా పోగవుతోందన్నమాట.

అందుకని మిగతా ఏ ఖర్చుకైనా ముందు ఆర్వో దాటొచ్చిన కాస్త లవణాలని కూడా పట్టేసే డీఐ రెసిన్ గుళికలు ఉన్న ఆర్వో యూనిట్ కొను. బయటికొచ్చే నీళ్ళలో టీడీఎస్ మీటరు పెడితే సున్నా చూపాలి. రెసిన్ అయిపోవచ్చేటప్పుడు మీటరు పెద్దగా కదలకముందే సిలికేటు జారిపోతుంది. పాత ట్యాంకులో ఉన్నట్టుండి గోధుమరంగు పొడి కనిపించిందంటే రెసిన్ మార్చే వేళయిందని అనుకో. ఏసీ లోంచి కారే నీళ్ళు పట్టి పొయ్యకు. రాగి కలిసే ప్రమాదం ఉంది, రాగి తగిలితే నత్తలు బతకవు. గోపాల్‌పూర్ నుంచి క్యాన్లతో సముద్రపు నీళ్ళు తెస్తామని ఎవరైనా అంటే వద్దను. ఒడ్డు దగ్గర నీళ్ళు ఋషికుల్యకి వరదొస్తే ఒకలా, వేసవిలో ఒకలా ఉంటాయి. ఉప్పు శాతం నిలకడగా ఉండదు, పొలాల మీంచి కొట్టుకొచ్చిన ఎరువులూ కలుస్తాయి.

ఇక ఆ ఎర్ర పొర. అది నాచు కాదమ్మా, సయనోబ్యాక్టీరియా. నీళ్ళు కదలని చోట, కుళ్ళు చేరిన చోట పరుచుకుంటుంది. సన్న గొట్టంతో పీల్చి పారేసి, పంపు నీటి ధార అటు తిప్పు. దానికి ఎరిత్రోమైసిన్ వేసెయ్యమని చెప్పేవాళ్ళుంటారు. ఆ మందుకి మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా తేడా తెలియదు.

పచ్చ నాచుని చేత్తోనే పీకాలి, దీనికి అడ్డదారి లేదు. పీకినప్పుడు దానితోపాటు అది తిన్న ఫాస్ఫేటు కూడా బయటికొచ్చేస్తుంది కాబట్టి ఆ శ్రమ వృథా కాదు. ట్యాంకు నీళ్ళే బకెట్లో తీసుకుని రాయిని అందులో పెట్టు. వేళ్ళతో వచ్చినంత లాగి, మిగిలినదాన్ని గట్టి కుచ్చుల టూత్ బ్రష్‌తో రుద్దు. సందుల్లో వేరులా పట్టుకుని ఉండే మొదళ్ళు వస్తేనే లెక్క. బకెట్ నీళ్ళు చిక్కటి పచ్చగా మారతాయి, వాటిని బయట పారబోసి, రాయిని ఇంకో బకెట్లో జాడించి లోపల పెట్టు. ఒకేసారి అన్ని రాళ్ళూ తియ్యకు, వారానికి రెండు చాలు. నీ దగ్గర జోయాంథిడ్లు (చిన్న పూలలా గుంపుగా పెరిగే పగడాల బంధువులు) ఉన్నాయి కాబట్టి ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ఆ రాయి ముట్టుకోకు. వాటిలో కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. ఆ రాయిని వేడినీళ్ళలో వెయ్యడం, మరగబెట్టడం అసలే వద్దు, ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్ళున్నారు.

గుండ్రటి పచ్చ బుడగలు కనిపిస్తే లోపల చిదమకు. బయటికి తీసి ఊడబెరుకు.

టెస్టులో నైట్రేటు సున్నా వచ్చిందని సంబరపడ్డావు. నాచు అంత దట్టంగా ఉన్నప్పుడు ఆ సున్నాని నమ్మలేం, ఉన్నదంతా అదే తినేస్తోంది. నాచు పల్చబడ్డాక వచ్చే అంకె చూడు. నైట్రేటు 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే నాకు చాలు. మరీ కిందికి లాగితే పగడాలు పాలిపోతాయి, ఆ ఖాళీలో డైనోఫ్లాజెలేట్లు చేరతాయి. బుడగలు పట్టుకుని వేలాడే గోధుమరంగు జిగురు తీగలు అవి. పచ్చ నాచుకంటే వాటితో పది రెట్లు కష్టం. అందుకే నీళ్ళలోంచి ఫాస్ఫేటుని పీల్చేసే జీఎఫ్ఓ (ఇనుప ఆక్సైడు గుళికలు) వేస్తే డబ్బా మీద రాసినదాంట్లో సగంతో మొదలుపెట్టు. అంకె దిగి మళ్ళీ పైకి లేస్తే కంగారు పడకు. రాళ్ళు ఇన్నాళ్ళూ పట్టి ఉంచిన ఫాస్ఫేటుని మెల్లగా వదులుతుంటాయి.

మేతగా వేసే ఫ్రోజెన్ రొయ్యని నేరుగా వెయ్యకుండా టీ వడపోతలో వేసి, డీఐ నీళ్ళతో కడిగి వెయ్యి. ఆ కారే నీరంతా నాచుకి విందే. లైటు ఎనిమిది గంటలు చాలు. టర్బో, ట్రోకస్ నత్తలు పొట్టి నాచునే మేస్తాయి, పొడుగుదాని జోలికి రావు. పీకే పని ముందు, నత్తలు తరవాత.

మన జిల్లాల్లో ఉండేవాళ్ళకి ఇంకో బెడద తుఫాను. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018లో తిత్లీ మీ గజపతి జిల్లాని ముంచెత్తినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ప్రాణవాయువు అందక పురుగూ పుట్రా చచ్చి కుళ్ళితే, కరెంటొచ్చిన కొద్ది వారాలకి నాచు విరగబడుతుంది. అక్టోబరు రాకముందే బ్యాటరీ ఎయిర్ పంపు సిద్ధం చేసుకో. కరెంటు లేనన్నాళ్ళూ మేత వెయ్యకు. ఫిల్టరు డబ్బాలో నిలవున్న నీళ్ళు పారబోశాకే మళ్ళీ ఆన్ చెయ్యి, అవి విషమై ఉంటాయి.

సముద్రంలోంచి తెచ్చిన పగడపు రాయి అమ్ముతామని ఎవరైనా వస్తే కొనకు. గట్టి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. వాటిని కదపడం నేరం, పైగా తప్పు కూడా.

నా సంపులో, అదే ట్యాంకు కింద ఫిల్టరు కోసం పెట్టిన చిన్న తొట్టిలో, కీటో అనే తీగల్లాంటి పచ్చ నాచు గుబురుగా పెరిగింది. నీ సంపులో వేసి రాత్రిపూట దానికి లైటు పెడితే, ట్యాంకులో నాచుకి అందాల్సిన మేత అది లాక్కుంటుంది. వచ్చే ఆదివారం మీ నాన్న బరంపురం వస్తానన్నాడు కదా, మూత గట్టిగా పడే డబ్బా ఒకటి ఇచ్చి పంపు. ఉప్పునీళ్ళతో సహా గుప్పెడు వేసి ఇస్తాను. ఈలోగా నీలం లైటు ఆపి, తెల్ల లైటులో తీసిన ఫోటోలు పంపు.

మావయ్య