ఇంగ్లీషు అలంకారాల్లో మెటానమీ, సినెక్‌డకీ ఒకటేనా? మెటఫర్‌కీ వీటికీ తేడా ఏమిటి?

మెటఫర్‌కి ఆధారం పోలిక. 'ద క్లాస్‌రూమ్ వాజ్ ఎ జూ' అన్నప్పుడు తరగతికీ జూకీ ఏ సంబంధమూ లేదు, గోలలోనే పోలిక. మన రూపకాలంకారం ఇలాంటిదే.

మెటానమీలో పోలిక ఉండదు, సంబంధం ఉంటుంది. 'ద వైట్ హౌస్ డినైడ్ ఇట్' అంటే ఖండించింది భవనం కాదు, అమెరికా అధ్యక్షుడి యంత్రాంగం. బ్రిటన్‌లో 'ద క్రౌన్' అంటే రాజ్యాధికారం. మనమూ 'ఢిల్లీ ఒప్పుకోలేదు' అంటాం కదా! సంస్కృత ఆలంకారికుల లెక్కలో ఇది లక్షణ కిందికి, అంటే మాటకి నేరుగా ఉన్న అర్థం అతకనప్పుడు దానికి సంబంధించిన అర్థం తీసుకోవడం కిందికి వస్తుంది. 'గంగలో పల్లె' అంటే గంగ ఒడ్డున ఉన్న పల్లె అని వాళ్లిచ్చిన ఉదాహరణ. ఎంత చక్కటి ఉదాహరణో! అది పట్టుబడితే ఇంగ్లీషు మెటానమీకి భయపడక్కర్లేదు.

సినెక్‌డకీలో ఆ సంబంధం భాగానికీ మొత్తానికీ మధ్య. 'ఆల్ హ్యాండ్స్ ఆన్ డెక్'లో చేతులంటే ఓడ సిబ్బంది. మనం 'తలకింత' అని పంచుకోవడమూ అంతే. దీన్ని మెటానమీలో ఒక రకంగానే చాలామంది లెక్కిస్తారు, నాకూ అదే సబబనిపిస్తుంది.

అనుమానం వస్తే 'లాంటి' చేర్చి చూడండి. 'జూ లాంటి తరగతి' అతుకుతుంది, కాబట్టి మెటఫర్. 'వైట్ హౌస్ లాంటి యంత్రాంగం' అతకదు.