హైదరాబాద్–లండన్: టికెట్టులో పొరపాటు లేదు

జనవరిలో అమ్మగారి ప్రయాణం వెళ్లేటప్పుడు 5.15 గంటలు, తిరుగుదారిలో 14.45 గంటలు అని లెక్క వచ్చిందన్నారు. కంగారు పడకండి. టికెట్టు మీద ఉండేది ఏ ఊరి సమయం ఆ ఊరిదే. చలికాలంలో లండన్ మనకంటే 5.30 గంటలు వెనక. అది వెళ్లేటప్పుడు కలపండి, వచ్చేటప్పుడు తీసేయండి: 10.45, 9.15 గంటలు. దూరం 7,700 కిలోమీటర్ల పైచిలుకు కాబట్టి ఇదే సరైన లెక్క.

మిగిలిన గంటన్నర తేడా గాలి వల్ల. చాలా ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. లండన్ వెళ్లే విమానానికి అవి ఎదురు, ఇంటికి వచ్చేటప్పుడు తోడు. చలికాలంలో ఇవి మరీ ఉధృతం.

మార్చి చివరి ఆదివారం తర్వాత తిరిగివస్తే మాత్రం 4.30 గంటలే తీసేయాలి. అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు. అన్ని గంటలు ఒకేచోట కూర్చోవాలి కదా, అమ్మగారికి నడవా పక్క సీటు తీసుకోండి. మధ్యమధ్య లేచి నడవమనండి.