సమాధానం: కొత్త రెయిడ్ 5లో నాలుగో డిస్కు ‘స్పేర్’గా కనిపించడం

డిస్కు పాడైపోలేదు, తీసి మార్చకండి. నాలుగు 4 టీబీ డిస్కులతో ఎండీఆడమ్‌లో (లినక్స్‌లో డిస్కులను కలిపే సాధనం, mdadm) రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా సమాచారం నిలిచేలా డిస్కులను కలిపి వాడే పద్ధతి) సృష్టించగానే ‘డిగ్రేడెడ్’ (ఒక డిస్కు తక్కువ) అని, నాలుగోది ‘స్పేర్ రీబిల్డింగ్’ (అదనపు డిస్కును నింపుతోంది) అని చూపిస్తోందన్నారు కదా, అది దాని పద్ధతే. ముందు మూడు డిస్కులతో అసంపూర్ణంగా ఆరే (డిస్కుల సమూహం) కట్టి, వాటిలోని సమాచారంతో లెక్కగట్టి నాలుగోదాన్ని నింపుతుంది. మొదటి నుంచి ప్యారిటీ (పోయిన డిస్కును తిరిగి లెక్కగట్టేందుకు ఉంచే అదనపు సమాచారం) అంతటినీ సరిచూసుకుంటూ పోవడం కంటే ఇలా చేయడం సాధారణంగా వేగం. నేనూ మొదటిసారి కంగారుపడి కేబుళ్లన్నీ ఊడదీసి చూశాను!

సెకనుకు 150 ఎంబీ వేగం ఉంటే ఏడున్నర గంటలు పడుతుంది. వేగం మరీ తక్కువైతే స్పీడ్ లిమిట్ మిన్ (ఈ పనికి కనీస వేగం, speed_limit_min) విలువను పెంచండి. డిఫాల్ట్‌గా అది సెకనుకు 1000 కేబీ మాత్రమే. ఈలోగా ఫైల్ సిస్టమ్ వేసి వాడుకోవచ్చు, కానీ పని పూర్తయ్యేదాకా మొదటి మూడింటిలో ఒక్క డిస్కు పోయినా అంతా పోయినట్టే. అందుకే పాత కాపీలను ఇప్పుడే చెరిపేయకండి.

12 టీబీకి బదులు 10.9 కనిపించడం కూడా లోపం కాదు. మొత్తం 16 టీబీలో ఒక డిస్కంత చోటు ప్యారిటీకి పోయి 12 మిగులుతుంది, అది 10.9గా కనిపించడం 1000కి బదులు 1024తో లెక్కించడం వల్ల.