డ్యూ డేట్ కూడా రాలేదు, అప్పుడే పోలికలా?

ప్రశ్న: నా వయసు 27. ఉమ్మనీరు ముందే పోవడంతో 31 వారాలకే పాప పుట్టింది, 1.4 కిలోలతో. అయిదు వారాలు ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) ఉంచారు. ఇంటికొచ్చి మూడు వారాలైంది, ఇప్పుడు 2.2 కిలోలు ఉంది. ఊపిరి తీస్తోందా లేదా అని రాత్రంతా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంటాను. నర్సులు చూసినట్టు నేను చూడలేననిపిస్తుంది. ఆరో నెలలో బస్సెక్కి పెళ్లికి వెళ్లావు కాబట్టే ఇలా అయిందని అత్తగారు అంటారు. తోడికోడలి బాబు రెండు నెలలకే నవ్వాడట, మా పాప ఎప్పుడూ నిద్రేనట. ఏడుపు ఆగడం లేదు.
- ఓ సోదరి, విజయనగరం

జవాబు: ముందు ఆ బస్సు సంగతి తేల్చేద్దాం. ఉమ్మనీరు ముందే పోవడానికి ఇన్ఫెక్షన్ లాంటివి కారణం కావచ్చు. చాలామందిలో కారణమేమిటో డాక్టర్లకూ తెలియదు. ఆరో నెలలో పెళ్లికి వెళ్లొచ్చినందుకు ఇలా అయిందనడానికి ఆధారం లేదు. అయితే ఆ మాట మీరు చెబితే సాకులా ఉంటుంది. ఈసారి చెకప్‌కి అత్తగారిని వెంట తీసుకెళ్లి, ఆవిడ ఎదుటే డాక్టరును అడగండి.

ఇక పోలిక. 31 వారాలకు పుట్టింది, పుట్టి ఎనిమిది వారాలు. కలిపితే 39. అంటే 40 వారాలకు వచ్చే మీ డ్యూ డేటే ఇంకా రాలేదు! కడుపులో ఉండాల్సిన పాపను రెండు నెలల బాబుతో పోలుస్తున్నారు. ఇలాంటి పిల్లల ఎదుగుదలను రెండేళ్ల దాకా డ్యూ డేట్ నుంచే లెక్కిస్తారు. ఆ లెక్కన నవ్వుకు ఇంకో రెండు నెలలు పట్టవచ్చు.

నర్సుల్లా చూడలేనన్నారు. అయిదు వారాలు పాప పనులన్నీ వాళ్లే చేస్తే మీకు అలవాటు ఎలా అవుతుంది? 'ధైర్యంగా ఉండు' అని ఈపాటికి అందరూ చెప్పే ఉంటారు. చెబితే వచ్చేది కాదది. పాపను పట్టుకునే కొద్దీ వస్తుంది. ఆసుపత్రిలో కంగారూ మదర్ కేర్ చేయించి ఉంటే ఇంట్లోనూ మానకండి. పాపకు డైపర్, టోపీ మాత్రం ఉంచి, మీ రొమ్ముల మధ్య నిలువుగా, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టుకుని పైన దుప్పటి కప్పుకోవాలి. ఒక్కసారి మొదలుపెడితే కనీసం గంట. 1978లో కొలంబియాలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు రోజుకు 8 నుంచి 24 గంటలు, ఎంత వీలైతే అంత చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. పాపకు వెచ్చదనం, మీకు పాలు పడటం, రెండింటికీ మంచిది. మీవారూ చేయొచ్చు, చేయాలి కూడా. రాత్రి కొన్ని గంటలు ఆయన మెలకువగా ఉంటే మీరు వేరే గదిలో నిద్రపోండి.

ఊపిరి విషయంలో మీ భయం ఊరికే వచ్చింది కాదు. నెలలు నిండని పిల్లలు నిద్రలో అయిదు పది సెకన్లు ఊపిరి ఆపి మళ్లీ తీసుకోవడం మామూలే. 20 సెకన్లు దాటినా, పెదాలు నీలంగా మారినా, డొక్కలు ఎగరేసినా, పాలు తాగకుండా మత్తుగా ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఈ గుర్తులు ఇంట్లో అందరికీ తెలియాలి, అప్పుడు కాపలా మీ ఒక్కరిదే కాదు.

అత్తగారు నూనె పెట్టి నలిచి స్నానం చేయిస్తానంటే, సాంబ్రాణి వేస్తానంటే ఇప్పుడు వద్దనండి. 2.5 కిలోలు దాటేదాకా తడిగుడ్డతో తుడిస్తే చాలు. బదులుగా ఆవిడకీ పాపను గుండెల మీద వేసుకునే పని ఇవ్వండి. చేతికి పని దొరికితే మాటలు తగ్గుతాయని నా అనుభవం.

మీ ఏడుపు గురించి మాత్రం తేలిగ్గా తీసుకోను. కాన్పు తర్వాత దిగులు మామూలుగా రెండు వారాల్లో తగ్గాలి, మీకు రెండు నెలలవుతోంది. ఇది చికిత్సతో తగ్గేదే. గైనకాలజిస్టుకు దాచకుండా చెప్పి, సైకియాట్రిస్టు దగ్గరికి పంపమని అడగండి. పాలిచ్చే తల్లులకు సరిపడే మందులున్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడొచ్చు. చనిపోవాలనిపించినా, పాపకు ఏమైనా చేస్తానేమోనని భయం వేసినా ఆ క్షణమే ఇంట్లో చెప్పి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకొకటి, డిశ్చార్జ్ కాగితాల్లో పాపకు రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష చేసినట్టు రాశారేమో చూడండి. ఇలా ముందే పుట్టిన పిల్లలకు నాలుగో వారంకల్లా అది జరగాలి. లేకపోతే రేపే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.