రాడాన్ ట్రాన్స్‌ఫామ్ మీద పని మొదలుపెట్టే ముందు

అమ్మా,

నీ మెసేజ్ చూశాను. గ్రాస్‌మానియన్ల (మూలబిందువు గుండా పోయే, ఒకే డైమెన్షన్ ఉన్న సబ్‌స్పేస్‌లన్నిటినీ బిందువులుగా తీసుకున్న స్పేస్‌ల) మీద రాడాన్ ట్రాన్స్‌ఫామ్ అని గైడ్ గారు టాపిక్ ఇచ్చారట, దాంతో టెన్షన్‌గా ఉందట. లీ గ్రూపులు, రిప్రజెంటేషన్ థియరీ అంతా చదివాకే చెయ్యి పెడతానన్నావు. ఆ చదువు రెండేళ్లు తినేస్తుంది, చేతికి ఏమీ రాదు. ముందు ఒక్క లెక్క కాగితం మీద పూర్తిగా వెయ్యి. ఏం చదవాలో అదే చెబుతుంది.

ప్రతిసారీ మొదట డైమెన్షన్లు లెక్కపెట్టు. 1917లో రాడాన్ తలంలో ఒక ప్రమేయాన్ని సరళరేఖల మీద సమాకలనం చేశాడు. ప్రతి రేఖకూ వచ్చే ఆ విలువలే రాడాన్ ట్రాన్స్‌ఫామ్. తలంలో బిందువులకు రెండు డైమెన్షన్లు, రేఖలకూ రెండే. మూడు డైమెన్షన్ల స్పేస్‌లో మాత్రం బిందువులకు మూడు, రేఖలకు నాలుగు. అంటే రేఖల మీద ఏ ప్రమేయం పడితే అది ట్రాన్స్‌ఫామ్ కాలేదు, ఏదో ఒక షరతు ఉండి తీరాలి. అది ఒక అవకలన సమీకరణమని 1938లో ఫ్రిట్జ్ జాన్ చూపించాడు. నీ టాపిక్ అక్కడ పుట్టింది.

ఇక నీ లెక్క. నాలుగు డైమెన్షన్ల స్పేస్‌లో, మూలబిందువు గుండా పోయే రేఖల మీద ఒక ప్రమేయం తీసుకో. మూలబిందువు గుండా పోయే ప్రతి తలానికీ, అందులోని రేఖలన్నిటి మీదా దాని సమాకలనం రాయి. ఇక్కడా రేఖలకు మూడు, తలాలకు నాలుగు. తలాలకు ఓరియెంటేషన్ (తిరిగే దిశ) కూడా ఇస్తే వాటి స్పేస్ రెండు మామూలు గోళాల లబ్ధం అవుతుంది. పేపర్లలో దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నువ్వు దాటకు. టూ-ఫామ్‌లను (తలాలను సూచించే రాశులను) సెల్ఫ్ డ్యూయల్, యాంటీ సెల్ఫ్ డ్యూయల్ భాగాలుగా, అంటే హాడ్జ్ స్టార్ ఆపరేటర్‌కు మారనివి, గుర్తు మారేవిగా విడదీసి నువ్వే రుజువు చెయ్యి, ఒక పూట చాలు.

ఇప్పుడు గోళానికొక లాప్లాసియన్ (రెండో ఆర్డర్ డిఫరెన్షియల్ ఆపరేటర్) వచ్చింది. రొటేషన్లకు మారని డిఫరెన్షియల్ ఆపరేటర్లన్నీ ఈ రెండిటి పాలినామియల్సే. హార్మోనిక్స్ అంటే లాప్లాసియన్ పెడితే ఒక స్థిరాంకంతో గుణించబడే ప్రమేయాలు, ఆ స్థిరాంకం డిగ్రీని బట్టి ఉంటుంది. మన ప్రమేయంలోని డిగ్రీ 2 హార్మోనిక్స్ 9. ట్రాన్స్‌ఫామ్ అయ్యాక అవి రెండు గోళాల డిగ్రీ 1 హార్మోనిక్స్ లబ్ధాలుగా తేలతాయి, మూడు మూళ్లు తొమ్మిది. డిగ్రీ 4వి 25, ఐదైదులు. బేసి డిగ్రీలు రేఖల మీద ఉండనే ఉండవు. రెండు గోళాల్లోనూ డిగ్రీ ఎప్పుడూ ఒకటే కనుక రెండు లాప్లాసియన్లూ ఒకే ఫలితం ఇస్తాయి. వాటి తేడా సున్నా కావాలి, అదే షరతు. స్మూత్ ప్రమేయాలకు ఇంకేమీ అక్కర్లేదు. ఆ తేడాలో రెండో డెరివేటివ్‌ల గుర్తులు చూడు, రెండు ప్లస్‌లు, రెండు మైనస్‌లు. జాన్ సమీకరణంలోనూ అంతే. నాకైతే ఇంత అందమైన లెక్క ఈ సబ్జెక్టులో ఇంకోటి కనబడలేదు.

ఒక్క చోట జాగ్రత్త. రిఫ్లెక్షన్ చేస్తే గోళాలు రెండూ చోట్లు మార్చుకుంటాయి, ఆ తేడాకు గుర్తు మారిపోతుంది. పూర్తి ఆర్తోగోనల్ గ్రూపుకు (రొటేషన్లూ రిఫ్లెక్షన్లూ కలిసినదానికి) మారనిది దాని వర్గం, అంటే నాలుగో ఆర్డర్ ఆపరేటర్. రెండిటితోనూ సున్నా అయ్యే ప్రమేయాలు అవే. ఒక పేపర్లో రెండో ఆర్డర్, ఇంకో పేపర్లో నాలుగో ఆర్డర్ కనిపిస్తే ఎవరో తప్పు రాశారనుకోకు, ముందు వాళ్లు ఏ గ్రూపు తీసుకున్నారో చూడు.

ఇదయ్యాక పెద్ద గ్రాస్‌మానియన్లు. అక్కడ ర్యాంక్ (సబ్‌స్పేస్ డైమెన్షన్, స్పేస్‌లో మిగిలిన డైమెన్షన్, రెండిటిలో చిన్నది) ఎంతో అన్ని స్వతంత్ర ఆపరేటర్లుంటాయి. మారని ఆపరేటర్లను పాలినామియల్స్‌గా చూపే హరీశ్ చంద్ర ఐసోమార్ఫిజం అప్పుడు చదువు, ఎందుకు కావాలో తెలిసి చదువుతావు. ఆ తర్వాత ఈ షరతుల మీదే పనిచేసిన గోంజాలెజ్, కకెహి పేపర్లు. కకెహి 1999 పేపరే ముందు తియ్యి. అందులో ఫార్ములాలు భయపెడతాయి కానీ, ప్రతిదాంట్లో నాలుగు డైమెన్షన్లు పెట్టి నీ కాగితంతో సరిచూసుకో. సరిపోకపోతే ముందుకెళ్లకు. ఇన్వర్షన్ ఫార్ములాల (ట్రాన్స్‌ఫామ్ నుంచి అసలు ప్రమేయాన్ని తిరిగి రాబట్టేవాటి) జోలికి ఈ ఏడాది వెళ్లొద్దు, అది వేరే గొడవ.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ కాగితాలు తీసుకురా, కొట్టివేతలతో సహా.

ఆశీస్సులతో,
పెదనాన్న